తిమోర్ గెలుపుకు తిరుత్తణిలో మీసం

ఇంత చల్లనీళ్ళు ఒక్కసారిగా నెత్తిన గుమ్మరిస్తే ఎట్లన్నా? ఒక మాట చెప్పి పొయ్యచ్చు కదా. గుండే కదా, కానీ, కానీ. మీసం జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. దాని సంగతి చెప్తా.

ఆ ఎర్ర చొక్కా తడిలో పడెయ్యద్దన్నా, ఇట్లియ్యి. దాని మీద పేరు చూస్తాండావా? తిమోర్. తూర్పు తిమోర్. కంపెనీ కాదన్నా, దేశమే. మన తిరువళ్ళూరు జిల్లా జనంలో సగం కూడా ఉండరంట ఆడ.

ఆ దేశం చొక్కా నాకెందుకంటావా? మా ఇంటామె లక్ష్మీప్రియ ఆడ ఉండాది. వాళ్ళ ఫుట్‌బాల్ టీమ్‌కి ఫిజియో. కాలు బెణికినోడు, తొడ పట్టేసినోడు, అందరూ ఈమె దగ్గరికే రావాల. తిరువళ్ళూరు ఆస్పత్రిలో పెద్దోళ్ళ మోకాళ్ళు వంచి సాపుతా ఉన్నింది. ఏడాది కాంట్రాక్టు వచ్చింది, పోనా మామా అనింది. పొమ్మని నేనే చెప్పినా. ఏడాది ఎంతలే అనుకున్నా.

ఎంతో ఇప్పుడు తెలుస్తాండాది. నాకు ఆర్.కె.పేటలో మోటారు పంపులు బాగుచేసే అంగడి. పొద్దున్నే లేచి వంట, మా అత్త చెంగమ్మకు మాత్రలు, సాయంత్రం ఆమెతో సీరియల్. నేను చేసిన సాంబారును మా అత్త పదకొండు నెలలుగా రసమనే అంటాది. నవ్వద్దన్నా, నీ చేతిలో కత్తి ఉండాది.

పోయిన వారం ఒక మ్యాచ్. గెలిస్తే కోచ్‌నీ, ఆయన మనుషుల్నీ ఇంకో ఏడాది పెట్టుకుంటారంట. గెలవకపోతే అందరూ మూట సర్దుకోవాల్సిందే. ఇదంతా ఫోన్‌లో చెప్పి, మామా, మన తిరుత్తణి సామికి మొక్కుకో అనింది. ఆమె లైన్లో ఉండంగానే కొండపక్క తిరిగి మొక్కుకున్నా.

ఏమని మొక్కుకున్నానో చెప్పనా? నీ కడుపులో పెట్టుకోవాల మరి. సామీ, ఈ టీమ్ ఓడిపోనీ, నీకు గుండు ఇస్తా అని.

ఏంది, కత్తి ఆగిపోయింది? నువ్వు కూడా పెండ్లయినోడివే కదన్నా.

మధ్యాన్నం రెండున్నరకు మ్యాచ్, ఫోన్‌లో పెట్టుకున్నా. మా అత్త సీరియల్ ఆపేసి నా పక్కన కూర్చునింది. మనోళ్ళు, అంటే వాళ్ళు, ఒక గోల్ వేసేసినారు. మా అత్త చప్పట్లు. నేనూ కొట్టినా, ఏం చేసేది? ఇంక అయిదు నిమిషాలుందనగా అవతలి టీమోడు ఒకడు వచ్చి మన గోల్‌కీపర్‌కి తగులుకున్నాడు. ఇద్దరూ పడినారు. అవతలోళ్ళకు పెనాల్టీ ఇచ్చినారు, గోల్ ముందర బంతి పెట్టి ఒక్కడే తన్నేది. మన కీపరేమో మోకాలు పట్టుకుని లేవనే లేవలా. సామి నా మాట విన్నాడనుకున్నా. నిజం చెప్తాండా, సంతోషపడినా.

అప్పుడు ఆమె పరిగెత్తుకుంటా వచ్చింది. అంత మైదానంలో ఇంత మనిషి, భుజాన సంచి, కొప్పు ఊడిపోయి. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని వాని కాలు ఒళ్ళో పెట్టుకునింది. ఏమో చెప్పింది, వంచింది, సాపింది, చెయ్యిచ్చి లేపింది. వాడు లేచి నిలబడినాడు. స్టేడియమంతా చప్పట్లు. మా అత్త ఫోన్ మీద చెయ్యి పెట్టి, అది నా బిడ్డ అనింది, నాకు తెలవనట్టు.

నాకు ఒళ్ళంతా సిగ్గయిపోయిందన్నా. లేచి కొండపక్క తిరిగినా. సామీ, ముందు చెప్పింది కొట్టెయ్, గెలిపించు అన్నా. నేను మళ్ళీ ఫోన్ పక్క తిరిగేలోపలే మా అత్త అరిచింది. ఆపేసినాడు. మన కీపర్ కుంటుతా కుంటుతా ఎగిరి బంతిని ఆపేసినాడు.

మా ఇంటామె ఎగిరింది చూడాల్సింది నువ్వు. మా పెండ్లిలో కూడా అంత నవ్వలా.

గుండు గెలుపుకు. సరే. సామికిచ్చిన మాట మార్చినందుకు ఏమియ్యాల? మా అత్తను అడిగితే ఏం మాట మార్చినావని పీకుతాది. అందుకే నాకు నేనే తీర్పు చెప్పుకున్నా. ఈ మీసం చూసే పెండ్లికి ఒప్పుకున్నానని ఇప్పటికీ చెప్తాది మా ఇంటామె. దానికంటే పెద్దది నా దగ్గర ఏముండాది?

తీసెయ్యన్నా. రెండు పక్కలా.

సాయంత్రం వీడియోలో గుండు చూసి మురిసిపోతాది, మామ నాకోసం మొక్కుకున్నాడని. మీసం యాడపోయిందంటే నీ చెయ్యి జారిందని చెప్తా. నువ్వు కాదనొద్దు.

పెరుగుతాదిలే. ఆమె వచ్చేదానికి ఇంకో ఏడాది ఉండాది కదా.