నాలుగువందల ఎనభై ఎనిమిది చొక్కాలు

ఫ్యాక్టరీలో ప్రభుత్వ తనిఖీ ముగిసిన సాయంత్రం. దర్జీ తన కొట్లో మిషన్ ముందు కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద అతని అక్క గుండీలు కుడుతోంది. ఫ్యాక్టరీ మేనేజరుగారు, అంటే అక్క మొగుడు, దర్జీకి సాక్షాత్తూ బావ, చొక్కాలు అందరికీ అతికినట్టు సరిపోయాయని గుమ్మంలోంచే అరవడం మొదలుపెట్టాడు.

“సరిపోవడం కూడా తప్పేనా బావా?”

“తప్పే! నూటికి నూరుపాళ్ళూ తప్పే! ఎక్కడైనా ఫ్యాక్టరీ చొక్కా మనిషికి సరిపోతుందటయ్యా? భుజాలు జారాలి. చేతులు వేళ్ళ మీద పడాలి. లేదంటే బొడ్డు కనపడాలి. అదీ యూనిఫాం అంటే! నువ్వు కుట్టినవి వేసుకుంటే నాలుగువందల ఎనభై ఎనిమిది మంది పెళ్ళికొడుకులు నిలబడ్డట్టుంది.”

“పెళ్ళికూతుళ్ళు కూడా ఉన్నారండీ. ఆడవాళ్ళ కొలతలు తీసింది నేనే.”

“నువ్వు గుండీలు కుట్టుకో.”

“కుడుతూనే ఉన్నా. నోరు ఖాళీగా ఉంది.”

“అక్కా, కాసేపు ఆగు. బావా, నువ్వు కూర్చుని మొదట్నుంచీ చెప్పు. ఆఫీసరమ్మ ఏమంది?”

“ఏమంటుంది? పదింటికల్లా జీపు దిగింది. చేతిలో ఒక పుస్తకం, పెన్సిలు. ఆరువందల మందినీ వరసగా నిలబెట్టాను. ఒప్పందం ప్రకారం ఆరువందల ఉద్యోగాలు చూపించకపోతే రాయితీలన్నీ ఆపేస్తారు. స్థలం ఊరికే ఇచ్చారు, కరెంటు సగం ధరకిస్తున్నారు, పన్ను పదేళ్ళు మాఫీ. ఇవి పోతే మా కంపెనీ మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరికి పోతుంది. అది పోతే నేనేం కావాలి? నీ కొట్లో కాజాలు కుట్టుకోవాలి!”

“తొందరపడకు బావా. కాజాలకి కూడా అనుభవం అడుగుతాను నేను.”

“నవ్వు, నవ్వు.”

“స్థలం ఊరికే ఇచ్చారు, ఊరికే ఇచ్చారు అంటారేంటండీ? అది పిల్లలు ఆడుకునే మైదానం. ఉద్యోగాలొస్తాయనేగా ఊరంతా చేతులెత్తి ఒప్పుకుంది?”

“వస్తాయే. దశలవారీగా వస్తాయి.”

“మూడేళ్ళయింది. మీ దశ నూట పన్నెండు మంది దగ్గరే ఆగిపోయింది.”

“అందుకేగా మిగతావాళ్ళని ఊళ్ళోంచి పిలిపించాను! ఒక్కరోజు పని, ఒక్కరోజు కూలి, కడుపునిండా భోజనం. నీలం చొక్కా వేసుకుని మిషన్ పక్కన నిలబడితే చాలు. ఎవరికి నష్టం?”

“నన్ను కూడా నిలబెట్టారు, ఆ మాట మర్చిపోకండి.”

“ఆఖరి నిమిషంలో ఒకరు తక్కువయ్యారు! ఏం చెయ్యమంటావు?”

“ఏం చెయ్యద్దు. వెళ్ళి చూద్దును కదా, నా చొక్కా నాకోసమే మడతపెట్టి ఉంది.”

“అదిగో! అదీ నేనంటున్నది! ఏమయ్యా బావమరిదీ, నీకేం చెప్పాను నేను? చిన్నవి, మధ్యరకం, పెద్దవి. మూడంటే మూడు సైజులు. సుమారుగా కుట్టిపడెయ్యమన్నాను. అన్నానా, లేదా?”

“అన్నావు.”

“మరి?”

“సుమారుగా నా చేతికి రాదు బావా. కొలత లేకుండా కత్తెర ముందుకు సాగదు. నిజంగా ప్రయత్నించాను. మూడు రోజులు గుడ్డ ముందు కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం. అక్కని అడుగు.”

“అన్నం కూడా సరిగ్గా తినలేదండీ.”

“నాలుగో రోజు ఇంక లాభం లేదని నా కొలతల పుస్తకం తీశాను. ఊరందరి కొలతలూ అందులోనే ఉన్నాయి కదా. ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాను. పని లేక ఊరికే ఉన్నవాళ్ళవి ముందు. నువ్వు పిలిస్తే వచ్చేది వాళ్ళే కదా, మరి వాళ్ళకే సరిపోతే మంచిదే కదా అనుకున్నాను.”

“అనుకున్నావు. సరే. అక్కడితో ఆగావా? కాలర్ లోపల పేర్ల చీటీలు ఎందుకు కుట్టావు?”

“అది అలవాటు. ఒకరిది ఒకరికి వెళ్ళిపోకుండా.”

“ఎవరిది ఎవరికెళితే నాకేంటయ్యా!”

“నీకేం లేదు. నా కొట్లోంచి ఇరవై ఏళ్ళలో ఒక్క చొక్కా కూడా తప్పు మనిషికి వెళ్ళలేదు.”

“పొద్దున బస్సు దిగడం, గుట్టలోంచి ఎవడి పేరు వాడు వెతుక్కోవడం! సంబరం! ఆ డ్రిల్లు మాస్టారైతే చొక్కా కాలరు చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా పేరు మీద ముందే సిద్ధం చేసి ఉంచారా సార్ అని నా రెండు చేతులూ పట్టేసుకున్నాడు. నేనేం చెప్పను?”

“ఏం చెప్పారు?”

“అభినందనలు అన్నాను.”

“అయ్యయ్యో.”

“మరేం తోచలేదే!”

“మైదానం పోయాక ఆయనకి పిల్లల్ని ఆడించే చోటే లేదు బావా. బళ్ళోవాళ్ళు ఇంటికి పంపేశారు. చొక్కా వేసుకున్నప్పుడు నిజమే అనుకుని ఉంటాడు, పాపం.”

“నువ్వు నా ప్రాణం తియ్యకు. అసలు సంగతి విను. ఆవిడ వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి భుజం దగ్గర గుడ్డ పట్టుకుని చూసింది. చూసింది, చూసింది. ఇరవై ఏళ్ళుగా ఫ్యాక్టరీలు తిరుగుతున్నాను మేనేజరుగారూ, ఇంత బాగా కుదిరిన యూనిఫాంలు ఎక్కడా చూడలేదు అంది. నేను థాంక్స్ అన్నాను.”

“అంటారు.”

“అంతే, వెంటనే చొక్కా కుదరనివాళ్ళు ఇటు, కుదిరినవాళ్ళు అటు నిలబడండి అంది. మా నిజం పనివాళ్ళవి హెడ్డాఫీసు నుంచి వచ్చిన పాత చొక్కాలు. సంచుల్లా ఉంటాయి. వాళ్ళంతా ఇటు. నీ బాపతు అంతా అటు. ఆవిడ ఇటువాళ్ళని లెక్కపెట్టింది. నూట పదమూడు.”

“నూట పన్నెండు కదా?”

“సినిమా హాలు టిక్కెట్లాయన.”

“ఓ.”

“ఆయన కొలత నీ పుస్తకంలో ఎప్పటిది?”

“హాలు నడుస్తున్నప్పటిది. మూతపడ్డాక ఇంట్లో కూర్చుని... అది నేను చూసుకోవాల్సింది.”

“మూడు గుండీలు పట్టలేదు! ఆవిడ ఆయన వీపు తట్టి ఏమందో తెలుసా? ఈయన ఇక్కడ చాలా కాలంగా కష్టపడుతున్నట్టున్నాడు అంది.”

“మొత్తానికి నీ బండారమంతా ఒక్క పొట్ట తేడాతో తేల్చేసింది బావా.”

“అంతటితో అయిపోలేదు. మీ అక్కని పిలిచింది. ఏమ్మా, నీది ఏ పని అంది. నేను, ఆమె కొత్తండీ అనబోతున్నాను. ఈవిడ తిన్నగా వెళ్ళి మోటారుకి తీగ చుట్టే మిషన్ దగ్గర కూర్చుంది!”

“నూలు మిల్లులో ఎనిమిదేళ్ళు చేశాను. నూలైతేనేం, రాగితీగైతేనేం? చుట్టడమే కదా.”

“చుట్టింది. మా పాతవాళ్ళు పక్కన నిలబడి చూస్తున్నారు. నిజం చెప్పాలంటే... బాగానే చుట్టింది.”

“ఏమన్నారు?”

“ఏం లేదు.”

“మళ్ళీ ఒకసారి అనండి. తమ్ముడు విననట్టున్నాడు.”

“విన్నాను అక్కా. బాగా చుట్టిందన్నాడు.”

“ఆ పనికోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. మూడూ ఈయన బల్ల సొరుగులోనే ఉన్నాయి.”

“మేనేజరు భార్య వెళ్ళి మిషన్ దగ్గర కూర్చుంటే ఏం బాగుంటుందే?”

“ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చుంటే నాకేం బాగుంటుందో ఎప్పుడైనా అడిగారా? మిల్లు మూసిన రోజు నుంచీ పొద్దున లేవగానే ఎటు వెళ్ళాలో తెలియదు నాకు. మీకు అన్నం డబ్బా కట్టి పంపించాక మిగిలిన రోజంతా నాకెందుకా అనిపిస్తుంది. ఏడుపొస్తుంది. ఇంకా చెప్పమంటారా?”

“అది... ఇప్పుడు కాదే. తర్వాత మాట్లాడుకుందాం.”

“మూడేళ్ళుగా తర్వాతే.”

“అక్కా, దారం తెంపేశావు.”

“తెగింది. మళ్ళీ ఎక్కిస్తాను.”

“ఇంతకీ బావా, ఆవిడ ఏం రాసింది? నూట పదమూడా?”

“అదేనయ్యా వింత! ఆరువందలు రాసింది.”

“ఆరువందలా?”

“అక్షరాలా ఆరువందలు. మధ్యాహ్నం ఎక్కడికో వెళ్ళింది. ఇంక మన పని అయిపోయిందనుకున్నాను. మూడింటికి తిరిగొచ్చింది. రాయితీలు ఆపించాలనే వచ్చాను మేనేజరుగారూ, మనసు మార్చుకున్నాను అంది. కాగితాలు నా ముందు పెట్టి సంతకం చెయ్యమంది. ఆవిడ మళ్ళీ మనసు మార్చుకునేలోపు చేసేశాను.”

“మరైతే ఇందాకట్నుంచీ నన్నెందుకు తిడుతున్నావు?”

“పడ్డ భయం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదయ్యా! ఇంకెవరి మీద అరిచినా ఊరుకోరు. నువ్వయితే పడతావు.”

“అదీ నిజమే.”

“ఆవిడ మనసు ఎందుకు మారిందో అడిగారా?”

“అడగడమెందుకు? నా మాట తీరు అలాంటిది. నిమ్మరసం ఇప్పించాను, ఫ్యాను కింద కూర్చోబెట్టాను, ఊరి భవిష్యత్తు గురించి నాలుగు మంచి ముక్కలు...”

“మీ మాటలకే మనసులు మారేట్టయితే ఈ పాటికి నేను రాయిలా మెత్తబడి ఉండాలి.”

“రాయి మెత్తబడటమేంటే?”

“అదే నేనూ అంటున్నది.”

“బావా.”

“ఏంటి?”

“మధ్యాహ్నం ఆవిడ ఇక్కడికొచ్చింది.”

“ఎక్కడికి?”

“ఈ కొట్టుకే. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది.”

“... ఎందుకు?”

“కొలతల పుస్తకం చూపించమంది.”

“చూపించావా!”

“ఆఫీసరమ్మ అడిగితే దాచిపెట్టనా? పేజీ పేజీ తిప్పింది. వీళ్ళంతా నిజంగా ఉన్న మనుషులేనా అంది. ఉన్నారమ్మా, భుజాలూ చేతులూ అన్నీ ఉన్నాయి అన్నాను. నవ్వింది. పని ఇస్తే చేస్తారా అంది. మైదానం ఇచ్చింది వీళ్ళేనమ్మా అన్నాను.”

“తర్వాత?”

“నేను చొక్కాలు కుట్టినవాళ్ళ పేర్లు రాసుకుంది. నాలుగువందల ఎనభై ఎనిమిదీ. చేతిరాత ముత్యాల్లా ఉంది.”

“పేర్లా? పేర్లెందుకు?”

“నువ్వు సంతకం పెట్టిన కాగితం చదివావా?”

“మొదటి పేజీ చదివాను. ఆరువందలని ఉంది. ఇంకేం కావాలి?”

“నకలిచ్చిందా?”

“జేబులో ఉంది.”

“తీసి రెండో పేజీ చదువు. కాస్త గట్టిగా చదువు, మిషన్ ఆపుతాను.”

“ఈ కింద పేర్లున్న ఆరువందల మందీ నేటి నుంచి మా సంస్థలో శాశ్వత ఉద్యోగులని ధ్రువీకరిస్తున్నాను... ఇదేంటి? ఇదెక్కడిది?”

“చదువు బావా.”

“వీరిలో ఏ ఒక్కరిని తొలగించినా, ఏ ఒక్కరికి జీతం ఆపినా, సంస్థ ఇంతవరకు పొందిన రాయితీలన్నీ వడ్డీతో సహా... ఓరి నాయనో! మంచినీళ్ళు, మంచినీళ్ళు ఇవ్వవే.”

“ఇదిగోండి. నెమ్మదిగా తాగండి.”

“ఇందులో అందరూ ఉన్నారు! డ్రిల్లు మాస్టారున్నాడు! టిక్కెట్లాయన కూడా ఉన్నాడు!”

“ఆయనకి కొత్త చొక్కా కుట్టి పెడతాను. కొలత తీసే కుడతాను ఈసారి.”

“చొక్కా గోల ఆపవయ్యా! మావాళ్ళు నా తోలు తీస్తారు!”

“ఎందుకు తీస్తారు? పైవాళ్ళకి రాయితీలు కావాలి, అవి నువ్వు కాపాడావు. ఊరివాళ్ళకి పని కావాలి, అదీ నువ్వే ఇచ్చావు. రేపు పొద్దున నీకు దండ వేస్తారు బావా.”

“పని ఎక్కడుందయ్యా ఇంతమందికి?”

“సగం మిషన్లకి తెచ్చినప్పటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయండీ. పొద్దున నేనే చూశాను. నా పక్క మిషన్ మీదైతే ఎవరో ఎండబెట్టిన తువ్వాలుంది.”

“అది నాదే... అది సరే, అసలు నాకొకటి అర్థం కావట్లేదు.”

“ఏంటి బావా?”

“ఈ చివరి పేరు. కొత్తవాళ్ళలో నాలుగువందల ఎనభై ఎనిమిదోది. తీగ చుట్టే విభాగం అని పక్కన ప్రత్యేకంగా రాసి కింద గీత కూడా గీసింది. ఇది నువ్వు కదే?”

“నేనేనండీ.”

“దీని కింద కూడా నా సంతకమే ఉంది.”

“పొడుగ్గా, అందంగా పెట్టారు.”

“ఆగు, ఆగు. ఊళ్ళో ఆరుగురు దర్జీలున్నారు. ఆవిడ సూటిగా ఈ కొట్టుకే ఎలా వచ్చింది? పుస్తకం ఉందని ఆవిడకెలా తెలుసు? ఏమయ్యా?”

“నావైపు చూస్తావేంటి బావా? నేను పొద్దున్నుంచీ ఈ మిషన్ దగ్గర్నించి లేవలేదు.”

“మరి దారి చూపించిందెవరు?”

“నేనే సార్. రేపట్నుంచి మీ డబ్బా మీరే కట్టుకోండి, ఎనిమిదింటికల్లా నాకు డ్యూటీ.”