సావిత్రమ్మ రెండో కుప్ప

రాళ్ల మీద నాచులా పెరిగే, బగారన్నంలో వేసే రాతిపువ్వు ఏరాలి, మట్టి దులపాలి, బాన్సువాడ మసాలా దుకాణానికి పొట్లాలు కట్టాలి. వందనకు ఇంకో పనీ ఉంది: తాను పనిచేసే ల్యాబ్‌లో వచ్చిన ఫలితం నాయనమ్మ సావిత్రమ్మకు చెప్పాలి.

"అవ్వా, నువ్వు పక్కకు తీసే కుప్ప వేరే జాతేనంట. చూస్తే రెండూ ఒక్కతీరుగనే ఉంటయి గని, డీఎన్ఏల తేడా దొరికింది."

"గిది తెల్వనీకి మీ సార్లకు మూడేండ్లు పట్టిందా? నాలికకు పెట్టుకుంటె చేదెక్కుతది. నలభై ఏండ్ల సంది పారబోస్తున్న."

"మొదట్ల నేనే రెండూ కలిపి ఒక్క సంచిల ల్యాబుకు పంపిన."

"కలిపినవ్. మల్ల ఎమ్మెస్సీ."

"పుస్తకంల ఒక్కటే జాతని ఉండె అవ్వా."

"గది రాసినోడు ఎన్నడన్న బగారన్నం వండిండా?"

వందన నవ్వలేదు. "రిసెర్చ్ పేపర్ల నీ పేరు పెడదామన్న. చదువుకోనోళ్ల పేరెట్ల పెడతమన్నడు మా సారు."

"పెట్టకుంటె మానె. గా చేదు కుప్ప మీ సారుకు పంపు. కూరల ఏసుకోమను."

పేపరు సారు పేరుతోనే అచ్చయింది. మీరు మాత్రం మసాలాలో రాతిపువ్వు వేసేటప్పుడైనా, ఆ రెండో జాతిని అందరికంటే ముందు వేరుచేసిన సావిత్రమ్మను గుర్తుచేసుకోండి.