కట్టిన చెయ్యే విప్పాలి

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు గారికి, ముందు వరసలో ఆసీనులైన పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడి, డ్యూటీ మధ్యలో వచ్చాం, త్వరగా కానివ్వండి అని కళ్ళతోనే చెబుతున్న మిత్రులకు, ఇవాళ పదవీ విరమణ చేస్తూ మనందరినీ ఇక్కడికి రప్పించిన ఆపరేషన్ థియేటర్ పెద్ద సిస్టర్ గారికి నమస్కారాలు. నేను మత్తుమందిచ్చే డాక్టరుని. నా మాటలు వింటూ నిద్రపోవడం నా దగ్గరికి వచ్చినవాళ్ళకి అలవాటు. ఈ ఒక్క సాయంత్రం ఆ అలవాటుకు మినహాయింపు కోరుతున్నాను. (నవ్వులు)

సిస్టర్ గారి సేవ గురించి, ఓర్పు గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు మిగిలింది ఆవిడ పాటించిన ఒక పద్ధతి. ఆవిడతో పాటు అది కూడా పదవీ విరమణ చేయాలా, లేక ఇక్కడే కొనసాగాలా అన్నది సోమవారం నిర్ణయమవుతుందని విన్నాను. కనుక ఇవాళ చెప్పకపోతే మళ్ళీ సందర్భం రాదు.

థియేటర్‌లోకి వచ్చే మనిషి ఒంటిమీద దారంగానీ లోహంగానీ ఉండకూడదు. దారంలో మురికి ఉంటుంది, రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల లోహం తగిలినచోట చర్మం కాలే ప్రమాదం ఉంటుంది. నియమం సరైనదే. కానీ మన వార్డులకు వచ్చేవాళ్ళలో ఎన్ని నమ్మకాలున్నాయో అన్ని తాయెత్తులు, గొలుసులు, ఉంగరాలు, మొలతాళ్ళు ఉంటాయి. చాలాచోట్ల వీటన్నిటికీ ఒకటే మందు, కత్తెర. మన సిస్టర్ గారు మాత్రం కట్టిన చెయ్యే విప్పాలన్నారు. తల్లి కడితే తల్లి, భార్య కడితే భార్య, కట్టినవాళ్ళు రాలేకపోతే రోగి ఎవరి పేరు చెబితే వాళ్ళు. విప్పినదాన్ని వాళ్ళే ఒక గుడ్డసంచిలో వేసి మూతి బిగిస్తారు. సంచి మీద మంచం నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. లోపలున్నది ఏ దేవుడిదో మనవాళ్ళెవరూ చూడకూడదు. ఆపరేషన్ అయ్యాక సంచి తిరిగి వాళ్ళ చేతికే వెళుతుంది.

దీనివల్ల ఆలస్యం కాలేదా అంటే, అయింది. ముందు వరసలో ఉన్న మన సర్జన్ గారిని, అంటే మీరంతా వెనకాల ‘తొందర డాక్టరు’ అని పిలిచే ఆయన్ని, సాక్ష్యం అడగవచ్చు. (నవ్వులు) ఒకసారి ఆయన తలుపు దగ్గర నిలబడి, “ఆ ముడి విప్పేలోపు నేను రెండు అపెండిక్సులు తీసేస్తాను సిస్టర్!” అన్నారు. “తీసేయండి సార్, అవెవరూ మొక్కుకుని కట్టినవి కావుగా,” అన్నారీవిడ. అలాగని మొండిపట్టూ కాదు. “ప్రాణం మీదికొస్తే కత్తెరే. అప్పుడు ఏ దేవుడూ ఏమీ అనుకోడు. ప్రాణం మీదికి రానప్పుడు మాత్రం మనకంత తొందరేంటి?” అని కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ చెప్పేవారు.

ఇక మొన్నటి గొడవ. సగం మంది చూశారు, మిగతా సగం చూసినవాళ్ళకంటే ఎక్కువ విన్నారు. ఒకే రోజు ఒక దర్జీకి, ఒక బస్సు డ్రైవరుకి ఆపరేషన్లు. ఇద్దరివీ వేర్వేరు మతాలు. ఎవరిది ఏదో నేను చెప్పను. చెబితే మీరు వినడం మానేసి పక్షం తీసుకుంటారు. ఉదయం సంచులు కట్టాక, కిటికీ పక్కన గాలి వస్తుందని డ్రైవరు అడిగితే దర్జీ పాపం మంచం మారాడు. నంబర్లు మంచాలతో ఉండిపోయాయి, మనుషులు మారిపోయారు. సంచిలోకి తొంగిచూడని మర్యాద మనది కాబట్టి, తప్పు ఎవరి కంటా పడలేదు.

దర్జీ ముందు బయటికి వచ్చాడు. అతని తల్లి చేతికి సంచి వెళ్ళింది. డ్రైవరు తరవాత వచ్చాడు, ఇంకా పూర్తిగా మేలుకోలేదు. అతని భార్య సంచి విప్పి చూసి, “ఇది మాది కాదు! మా ఆయనకి ఏం చేశారు?” అని కేకపెట్టింది. ఆమె అన్న, “కావాలనే చేశారు, వీళ్ళ సంగతి నాకు తెలుసు,” అంటూ వరండాలో ఉన్నవాళ్ళని పోగుచేశాడు. నేను బయటికి వచ్చేసరికి ఇంకొక్క మాట తూలితే చేతులు లేచేటట్టున్నాయి.

సిస్టర్ గారు మతసామరస్యం గురించి ప్రసంగించలేదు. “తప్పు మాదే. రెండో సంచి ఎవరి దగ్గరుంది?” అన్నారు. వరండా బల్ల చివర కూర్చున్న దర్జీ తల్లి లేచింది. చీర చెంగు పరిచిన రెండు అరచేతుల్లో డ్రైవరు తాయెత్తు ఉంది.

“ఇందాకే చూశానమ్మా, మావాడిది కాదని. అరిస్తే గొడవవుతుంది, అవతల ఎవరి బిడ్డ కత్తి కింద ఉన్నాడో ఏమో అని నోరెత్తలేదు. కింద పెట్టొచ్చో లేదో మీవాళ్ళ పద్ధతి నాకు తెలీదు. అందుకని పెట్టలేదు.”

డ్రైవరు భార్య అడిగింది. “ఏమన్నా మొక్కావా దానికి?”

“నేనెందుకు మొక్కుతాను? మొక్కు నీది. నేను పట్టుకున్నానంతే.”

(విరామం)

ఇక్కడ ఇద్దరూ కౌగిలించుకున్నారని చెబితే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. డ్రైవరు భార్య తన చేతిలోని సంచి ఆమెకిచ్చేసి, తాయెత్తు అందుకుని, తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళి కడిగింది. మా ముఖాలు చిన్నబోయాయి. దర్జీ తల్లి మాత్రం, “కడుక్కోనివ్వండి. ఇంటికెళ్ళి నేనూ మావాడిది కడిగేదాన్నే,” అంది. (నవ్వులు) ఆ తరవాత ఎవరిది వాళ్ళు కట్టుకున్నారు. పోగైనవాళ్ళకి పని లేకుండా పోయింది.

పరమత సహనం మీద నేను కొన్ని ఉపన్యాసాలు విన్నాను. ఎదుటివాడి నమ్మకాన్ని ప్రేమించమంటారు వక్తలు. అది నాబోటివాడికి పెద్ద బరువు. ఆ తల్లి ప్రేమించలేదు, నమ్మలేదు, తనదానితో కలపలేదు. తనది కానిదాన్ని నేలమీద పెట్టలేదు. అంతవరకు మనలో ఎవరైనా చేయగలం.

ఆ గొడవ తరవాత వచ్చిన ముసాయిదా ఇప్పుడు సూపరింటెండెంటు గారి బల్లమీద ఉంది. ఇకమీదట వార్డులోనే అన్నీ కత్తిరించి పారేయాలి, అన్ని మతాలకూ ఒకే నియమం అని. అయ్యా, సమానత్వంలో లోపమేమీ లేదు. కానీ నమ్మకం లేనివాడి చేతిలో కత్తెర చాలా తేలిక. నాకు ఏ నమ్మకమూ లేదు కనుక చెబుతున్నాను. వేరే నమ్మకం ఉన్నవాడి చేతిలో అది ఇంకా తేలిక. పొరపాటు జరిగింది నంబరులో. నంబరు మంచానిది కాక, మనం రోగి చేతికి వేసే పట్టీది వేస్తే సరిపోతుంది. దానికి పద్ధతినే పారేయనక్కరలేదు.

చివరిగా నా వృత్తికి సంబంధించిన ఒక విషయం. తాడు కోసేసి తెచ్చిన మనిషి గుండె ఎలా పరిగెడుతుందో నేను ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడి చూసినవాణ్ణి. తనవాళ్ళు విప్పి పంపిన మనిషి గుండె ఎలా ఉంటుందో కూడా చూశాను. మందు కొలిచేవాణ్ణి కనుక ఆ తేడా నాకు పట్టింపు. అందుచేత, అత్యవసరం కాని చోట, వద్దు వద్దంటుండగా తాడు కోసి తెచ్చిన మనిషికి నేను మత్తు ఇవ్వను. పక్కన కూర్చుని భయం తగ్గేదాకా ఆగుతాను, ఆ రోజు తగ్గకపోతే ఆపరేషన్ మర్నాటికి వాయిదా. ఇది బెదిరింపు కాదు. సోమవారం సంతకం పెట్టేముందు ఆ కాగితం మీద ఈ అభ్యంతరం నా పేరుతో రాయించండి.

సూపరింటెండెంటు గారు తల పంకించారు. అది సరేననో, చూద్దామనో నాకు తెలియదు. సిస్టర్ గారు చెయ్యి ఊపుతున్నారు. అది మాత్రం కూర్చోమనే. (నవ్వులు) అమ్మా, ఇన్నేళ్ళూ మా తొందరను మీరు భరించారు. మీరు లేని థియేటర్‌లో ఆగడం మేమే నేర్చుకోవాలి. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ, ఆవిడ దగ్గర, మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను. సెలవు.