రెండు గుండ్రాలు

గట్ల మొకం తిప్పుకుంటే ఎట్ల బాలలక్ష్మక్కా? జర నా మాట ఇను. నిర్మల్ల బస్సు దిగి ఎండల నడుచుకుంట వచ్చిన. నీ బిడ్డ జమున బడికి రాక పదకొండు దినాలాయె. లెక్కల సార్‌ను, నేను రాకుంటే ఎవలొస్తరు?

ఏందీ? దానికి చదువు వస్తలేదా? ఎవలన్నరు? జముననే అన్నదా! అయ్యో...

ఇగో, గా తునికాకు చాట జర పక్కకు పెట్టక్కా. బీడీలు ఎటూ పోవు.

జమున ఆఖరుసారి బడికొచ్చిన దినం తనిఖీకి పెద్దసారు వచ్చిండు. నేను బోర్డు మీద రెండు గుండ్రాలు గీసిన. ఒకటి అకరణీయ సంఖ్యలకు. అంటే పైన ఒక అంకె, కింద ఒక అంకె, భిన్నం లెక్క రాయొస్తయ్. ఇంకోటి కరణీయ సంఖ్యలకు. అవి ఎంత మొత్తుకున్నా గట్ల రాయరావు. ఏ సంఖ్య దేంట్ల పడ్తదో పిల్లలొచ్చి రాయాలె. గంతే.

జమున ఉరికొచ్చింది. సున్నను, మైనస్ ఐదును సక్కగ పెట్టింది. ఇరువై రెండు బై ఏడును మొదటిదాంట్ల రాసింది. చక్రం చుట్టుకొలత తీస్తందుకు 'పై' అని ఒకటుంటది, దాన్ని రెండోదాంట్ల రాసింది.

"రెండూ ఒక్కటే కదనే! ఒకటి ఈడ, ఒకటి ఆడ ఎట్ల పెడ్తవ్?" అన్న.

పిల్ల బెదరలే. "ఒక్కటి కాదు సార్. ఇరువై రెండు బై ఏడు దాని దగ్గరికి వస్తది గంతే. లెక్క అల్కగ అయితదని వాడుకుంటం" అన్నది.

పెద్దసారు నవ్విండు. ఎవలను చూసి నవ్విండో నాకు సమజ్ కాలే. ఒళ్లు మండింది. డస్టర్ తీసి ఆమె రాసిందంత తుడిచిపారేసిన.

"బీడీలు చేసేదాని బిడ్డవు, నీకెందుకే గింత తెలివి?" అన్న.

అవ్, గా మాట నేనే అన్న. పిల్లలంత పకపక నవ్విండ్రు.

నీకు చెప్పలేదా? ఒక్క ముక్క చెప్పలేదా? నీ మీద పడ్డ మాట నీకు ఇనిపియ్యొద్దని చదువే రాదన్నదా, అక్కా?

చెయ్యెందుకు ఆపినవ్? తిట్టు. తిట్టరాదూ! గట్ల చూడకు, నాకు భయమైతుంది.

ఆమె గా తలుపెనుకనే ఉన్నది. గాజులు ఇనబడుతున్నయ్. బయటికి రాకున్నా మానె, ఇంటే సాలు.

నిన్న క్లాసుల అందరి ముందట ఒప్పుకున్న. జమున చెప్పిందే కరెక్టు, నాది పొరపాటు అన్న. ఇంటికొచ్చినంక బువ్వ సయించలే. ఎందుకంటవా? గదీ అబద్ధమే గనుక.

పొరపాటు కాదక్కా. ఇరువై ఏండ్ల సంది గదే పాఠం చెప్తున్న, నాకు తెల్వదా? పిల్ల నోరు తెరవంగనే నా తప్పు ఎరుకైంది.

ఎరుకైనంకనే తుడిచిన.