చేతి మీద ‘ఏవండీ’

ఏంటమ్మడూ, మీ అమ్మమ్మ బూడిద సిరాలో కలిపి పచ్చబొట్టు పొడిపించుకుంటావా? నవ్వట్లేదే, నవ్వడానికి నాకేం మొహముంది? ఇదిగో, ఈ చొక్కా చెయ్యి పైకి లాగి చదువు. "ఏవండీ." ఆఁ, నవ్వు, నువ్వూ నవ్వు. బస్సులో పైన కడ్డీ పట్టుకుంటే చాలు, వెనకాల ఎవడో ఒకడు "చెప్పండి" అంటాడు. ఇందులో ఉన్నది మీ తాతే. మా బావ. చిటికెడు.

బతికున్నన్నాళ్లూ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మరి నేనెందుకు మోస్తున్నానంటావా? బావ పోయాక అక్కే, అదే మీ అమ్మమ్మే, వేయించుకుందామని బూడిద డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరింది, తోడుగా నేను. ఆ పచ్చబొట్ల కొట్లో గోడ నిండా పులులూ పాములూ, లోపలికెళ్తే ఆస్పత్రి వాసన. పొడిచే ఆవిడ మంచిదిలే, ఉన్నదున్నట్టు చెప్పింది. "అమ్మా, మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, బాగా వేడి చేసి, సూది మొన మీద నిలిచేంతే కలుపుతాను. పలుకుంటే ఒళ్లు ఒప్పుకోదు, గడ్డ కడుతుంది. ఇంత చేసినా ఏమీ కాదని మాత్రం మాటివ్వలేను. షుగరుందా?" అక్క "కొంచెం" అంది. కొంచెమట! చెప్పు కరిచిన పుండు ఎండాకాలంలో లేచి చలికాలం దాకా మానలేదు. నేనూరుకుంటానా, చెప్పేశాను. ఆవిడ సూది పక్కన పెట్టేసింది. డాక్టర్నడిగితే "చెయ్యి కావాలా, బొమ్మ కావాలా" అని ఒక్కటే మాట. అక్క ఎంత ఏడ్చిందనుకున్నావు! "నిప్పుల్లో పెట్టేటప్పుడు ఒక్కరూ అడ్డు రాలేదు, నా ఒంట్లో దాచుకుంటానంటే అందరూ అడ్డమే" అంది. అని నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు, చిన్నప్పుడు నా చేత ఆముదం తాగించే ముందు అలాగే చూసేది. "నీకు షుగరు లేదు కదరా" అంది.

అంతే, బుక్కయిపోయాను. ఆవిడ "పేరేం రాయమంటారు" అనడిగితే, అక్క మొగుడి పేరు ఏనాడైనా పలికితే కదా! చివరికి "నేను ఏవండీ అనేదాన్ని" అంది. ఆవిడ అదే పొడిచేసింది. చెయ్యి సొరకాయంత వాచింది, ఒకటే దురద. పోయాక కూడా బావ నన్ను గోకడం మానలేదు. మా ఆవిడైతే "మా అన్నయ్యగారు మన మధ్యలోనే పడుకుంటున్నారు" అని ఒకటే ఎత్తిపొడుపు. ఇప్పటికీ ఎండ తగిలితే ఇక్కడ పొక్కుతుంది. నీకసలే గిల్టు కమ్మలు పెట్టుకున్నా చెవులు పుండ్లవుతాయి, ముందు చర్మం డాక్టర్ని అడుగు.

ఏం చెబుతున్నాను... ఆఁ, అక్క. వచ్చిందంటే నన్ను పలకరించేది కాదు, ఈ చెయ్యి పట్టుకుని "ఏవండీ, కొళాయి మళ్లీ కారుతోందండీ" అని మొదలెట్టేది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ణి, చెయ్యి అరువిచ్చినవాడిలా. ఒళ్లు మండేది. కానీ లాక్కోలేదు.

చివర్లో మతి తప్పింది కదా. ఓ రోజు వెళ్తే "ఎవరు బాబూ నువ్వు" అంది. నన్నెత్తుకు పెంచిన మనిషి, బాబూ అంది. ఏం తోచక చొక్కా చెయ్యి మడిచాను. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "వచ్చారా" అని పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చింది. "ఏవండీ, మా తమ్ముడు రాలేదేం? వాణ్ణొక్కసారి చూడాలనుందండీ" అంది.

"వస్తున్నాడులే" అన్నాను.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు.