స్నేహితుడి మంచానికి కూలి

ఆండర్సన్‌పేటలో ఆటో కోసం నిలబడ్డాను. వెనక కొట్టులో వడ్రంగితో అతని చిన్ననాటి స్నేహితుడు వాదిస్తున్నాడు.

“ఏమప్పా, మంచానికి ఊరోళ్ళకి చెప్పే రేటే నాకూ చెప్తావా?”

“అవును. చెక్కకి తొమ్మిది వేలు, కూలి ఆరు వేలు.”

“నలభై ఏండ్ల స్నేహం యాడికి పోయె?”

“కూలి వద్దంటేనే స్నేహం పోతాది. మన సెల్విన్‌కి ఊరికే చేసిచ్చినాను కదా, మంచం?”

“చేసిస్తే ఏమాయె?”

“దాని కాలు ఊగినాదంట. దుడ్డు తీసుకోనోడిని ఎట్లా అడిగేదని మొహమాటపడినాడు. ఇంగ ఈ వీధికే రాలేదు.”

“నీకెట్లా తెలిసె?”

“వాడి సావుకి పోయినప్పుడు వాళ్ళింట్లో చెప్పిరి, నేనూ చూసినాను. మంచం కాలి కింద ఇటుకరాయి పెట్టుకొనుండాడు. ఆ కాలు సరిచేసేది పావుగంట పనప్పా.”

ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు.

“సరే, కూలి పూర్తిగా తీసుకో. నా మంచం కాలు ఊగితే?”

“వచ్చి తిట్టు.”

“ఊగకపోతే?”

“ఊగకపోయినా రా.”