టర్నర్స్ ఫోర్క్ జారిపోలేదు, మిస్ రోజలిండ్

“వచ్చే ఎన్నికలనాటికి మీ ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు మళ్ళీ తెరిపిస్తాను. తెరిపించకపోతే నాకు ఓటెయ్యకండి.”

ఎవరి మాటలివి మిస్ రోజలిండ్? అలా చూడకండి. మీవే. రెండేళ్ళ కిందట మా ఊరి ఫైరింజన్లుండే ఫైర్‌హౌస్ వెనకాల స్టూ కాగు ముందు నిలబడి, తెడ్డు తిప్పుతూ అన్నారు. ఎవరూ అడక్కుండానే అన్నారు! అందరికంటే ముందు చప్పట్లు కొట్టిన వెధవని నేనే.

లేదండీ, కాఫీ వద్దు. ముందు ఆ తలుపెందుకు వేశారో చెప్పండి. మీ ఆఫీసు తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుందిగా? “ప్రజల గది” అని బోర్డు కూడా పెట్టారు. గెలిచి వారం తిరక్కుండా శాసనసభ్యురాలు ఒక ఊరి పార్టీ కుర్రాణ్ణి పిలిపించి, తలుపు వేసి, తన చేత్తో కాఫీ పోస్తే... ఏమనుకోవాలి చెప్పండి?

అవును, చూశాను. వస్తూనే చూశాను ఆ మ్యాపు. మా టర్నర్స్ ఫోర్క్ మీద ఎర్ర రంగు, అవతలి పార్టీ రంగు. ఎవరు వేశారు? రాజధాని రిచ్‌మండ్ నుంచి వచ్చే ఆ సలహాదారేనా, సన్న టై కట్టుకుంటాడే, ఆయనా? ఒక్కసారైనా మా ఊళ్ళో కారు దిగాడా ఆ మనిషి?

“జారిపోయింది” అంటారేమిటండీ! ఊరేమన్నా సబ్బుముక్కా జారిపోవడానికి?

సరే, మీ లెక్కతోనే మాట్లాడదాం. ఓటు కాగితం మీద దేశాధ్యక్షుడి పేరు లేని ఏడాదిలోనే జనం మనసు తెలుస్తుందని మీరే అంటుంటారుగా. పెద్ద పేరు నీడ ఉండదు, ఎవరికి వేస్తున్నామో చూసి మరీ వేస్తారని. మరి చూడండి. గవర్నరు పదవికి మా ఊళ్ళో మన పార్టీకి ఎన్ని పడ్డాయి? పోయినసారి కంటే ఎక్కువే. అదే కాగితం మీద, అదే కలంతో, రెండు వరుసల కింద మీ పేరు దగ్గరికొచ్చేసరికి? పక్కవాడికి వేశారు. కొంతమంది ఎవరికీ వెయ్యకుండా వదిలేశారు.

దీన్ని పార్టీ మారడం అంటారా? ఒకే కాగితం మీద ఒక మనిషి ఒక చోట మన వాడు, రెండు వరుసల కింద పరాయివాడు అవుతాడా?

నాకు తోచింది చెప్పనా? కోప్పడకండి. ఊరు జారిపోయిందని రంగు వేసేస్తే మీకు సుఖం. చేజారిన ఊరికి ఎవరూ మాట నిలబెట్టుకోనక్కర్లేదుగా! హైవే పక్కన లేచిన కొత్త ఇళ్ళవాళ్ళు మిమ్మల్ని గెలిపించారు. మేము లేకపోయినా గెలవగలరని మీకు ముందే తెలుసా మిస్ రోజలిండ్? వేసవిలోనే తెలుసా? అందుకేనా ఈసారి కాగు దగ్గరికి రాలేదు?

పని ఉందా! పోలింగు రోజున శాసనసభ్యురాలికి ఓటర్ల కంటే పనా!

మీకు తెలీదా మా పద్ధతి? పోలింగు రోజున, లోపల ఓట్లు మొదలవకముందే, తెల్లవారకముందే బయట కాగు కింద నిప్పు పెడతారు. కోడిమాంసం, మొక్కజొన్న, బీన్సు, టమాటా. తెడ్డు ఆగితే అడుగంటుతుంది, అంచేత ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవాలి. పోటీలో ఉన్నవాళ్ళు వస్తే తెడ్డు వాళ్ళకిస్తారు. తిప్పినంతసేపూ మాట్లాడొచ్చు. చెయ్యి ఆగిందా, నోరూ ఆగాలి. మీరేం చేశారు? మా అందరి ఫోన్లకీ ఒక మెసేజి పంపారు! నవ్వుతున్న మీ ఫోటోతో.

మా చర్చి పెద్ద డీకన్ క్రూట్ కాగు దగ్గర నిలబడి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. చదివి నాతో ఏమన్నాడో తెలుసా? “ఏరా టెరెల్, ఈ ఫోన్‌తో తిప్పితే స్టూ తిరుగుతుందా?” అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

నేను ఊరుకోలేదు. “అధికారాన్ని ఎవరూ దానం చెయ్యరు డీకన్, మనం కలిసికట్టుగా నిలబడి లాక్కోవాలి” అన్నాను. “లాక్కుందువుగానిలే నాయనా, ముందు ఈ తెడ్డు లాగు, అడుగంటుతోంది” అన్నాడు.

అప్పుడొచ్చాడు మీ మీద పోటీకి నిలబడ్డ దాణాకొట్టు హార్గిస్. టోపీ తీసి పక్కన పెట్టి, తెడ్డు అందుకున్నాడు. చాలాసేపు తిప్పాడు. “నేను ఏదీ తెరిపిస్తానని చెప్పను. నాకు చేతనయింది ఇదొక్కటే” అన్నాడు. వాడి పార్టీ ఏమిటో మాకు తెలీదా? ఆ ఆసుపత్రికి నిధులు కోసినవాళ్ళలో వాడి పెద్దలే ముందున్నారు! ఆ మాట, స్టూ వడ్డించే మిస్ వర్నెల్ వాడి మొహమ్మీదే అంది. వాడు తల వంచుకుని తిప్పుతూనే ఉన్నాడు.

అదే మిస్ వర్నెల్ నా వైపు తిరిగి అడిగింది. “నువ్వు చదువుకున్నవాడివి. రోజలిండ్ ప్రచార కాగితాలు పంచుతున్నావు. ఆవిడ మాటిచ్చిందా లేదా?” ఇచ్చిందన్నాను. “తెరిచిందా?” లేదన్నాను. “తెరవకపోతే ఏం చెయ్యమంది?”

ఏం చెప్పాలండీ నేను? అబద్ధమాడనా? అందరూ నా నోటికేసే చూస్తున్నారు. మీరన్నమాట, అక్షరం పొల్లుపోకుండా, మీరన్నచోటే చెప్పాను.

అదిగో. ఇప్పుడర్థమైంది తలుపెందుకు వేశారో. “మన మనిషే మనకి వెన్నుపోటు పొడిచాడు” అని ఎవరో మోశారు మీ చెవికి. అవునా? అందుకేనా పిలిపించారు? మరి ఈ కాఫీ ఎందుకు? ఈ ఉద్యోగం ఎందుకు?

ఉద్యోగమనే అన్నారు కదా ఫోన్‌లో! శాసనసభ సమావేశాలు మొదలవగానే రిచ్‌మండ్‌లో మీ ఆఫీసులో చేరమని. జీతం, బీమా. కిటికీలోంచి శాసనసభ గుమ్మటం కనపడుతుందని కూడా అన్నారు. మోసం చేశాననుకున్నవాణ్ణి పక్కన కూర్చోపెట్టుకుంటారా ఎవరైనా? లేకపోతే మోసం చేశాడు కనకే కూర్చోపెట్టుకుంటారా? ఊళ్ళో ఉంటే నోరు లేస్తుంది, రిచ్‌మండ్‌లో అయితే ఫైళ్ళు మోస్తాడు. అంతేనా?

నాకు కావాల్సింది కిటికీ కాదు మిస్ రోజలిండ్. మా చెల్లెలు కెజియాకి ఏడో నెల. రక్తపోటు ఎక్కువుంది, నొప్పులు మొదలైతే ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు చెప్పింది. ఆలస్యం చెయ్యకుండా ఎక్కడికి తీసుకెళ్ళాలి? మన ఆసుపత్రిలో ఆ వార్డు తలుపుకి గొలుసు. పక్క జిల్లాకి గంటన్నర. చలికాలంలో ఆ వంతెన మీద మంచు గడ్డకడితే ఎంతసేపో ఆ దేవుడికే తెలుసు. పోయిన ఏడాది మా వీధిలో పిల్ల కారులోనే కనింది. మీకు తెలుసు. పువ్వులు పంపించారుగా!

కెజియా ఎవరికేసిందని అడుగుతున్నారా? దాని ఓటు దాని ఇష్టం... సరే, అదే చెప్పింది, నేనెందుకు దాచాలి. హార్గిస్‌కి వేసింది. వాడంటే దానికి మంట. “మరి ఎలా వేశావే?” అంటే, పొట్ట మీద చెయ్యి వేసుకుని, “ఆవిడే కదన్నయ్యా వెయ్యొద్దంది” అంది.

నేనా?

నేనెవరికేశానో అడగడానికే కదా ఇంతసేపూ ఆ చెంచా అలా తిప్పుతున్నారు. చెప్తాను. వినండి.

మీకే వేశాను.

అవును, మీకే. పుస్తకాలన్నీ చదివి, ప్రజలే చరిత్ర నిర్మాతలని గోడల మీద రాసి, ఓటెయ్యడానికి లోపలికెళ్ళి, కలం పట్టుకుని... భయపడ్డాను. మనవాళ్ళు ఓడిపోతే ఎలా అని. బయటికొస్తే మిస్ వర్నెల్ ఒక గిన్నె స్టూ నా చేతికిచ్చింది. మొహం చూసే కనిపెట్టేసింది. ఆ గిన్నె పక్కన పెట్టేసి మళ్ళీ తెడ్డు అందుకున్నానండీ.

మా ఊళ్ళో అందరూ మీ మాట విన్నారు మిస్ రోజలిండ్. విననివాణ్ణి నేనొక్కణ్ణే. నన్నేనా మీరు అనుమానించేది?

ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వండి. వార్డు సంగతి మాత్రం నాకు చెప్పకండి, వాళ్ళకి చెప్పండి. ఆదివారం ప్రార్థనయ్యాక ఫైర్‌హౌస్‌లో కుర్చీలు వేస్తున్నాం. కెజియా ముందు వరసలో కూర్చుంటుంది. ఎప్పుడు తెరుస్తారో చెప్పండి. తెరవలేకపోతే తెరవలేనని చెప్పండి, దానికీ ధైర్యం కావాలి. మెసేజి పెడితే చెల్లదు.

రాకపోతే? ఏముంది, ఎర్ర రంగు వేసింది నిజమనుకుంటాం.

ఆ తలుపు తీస్తారా... నేనే తీసుకుంటాలెండి. కుర్చీలు వేసేది ఈ ఆదివారం కాదు, తొందరపెట్టడం లేదు. డిసెంబరు ఏడు.